ముప్పై రెండో వంతు

కుడికన్ను మూస్తే నీలం. ఎడమకన్ను మూస్తే ఆకుపచ్చ. నాన్న ఒక కన్ను తర్వాత ఒకటి మూస్తూ, నా అరచేతిలో ఉన్న రెండంగుళాల ప్లాస్టిక్ తొట్టిని ట్యూబ్‌లైటు కింద అటూ ఇటూ తిప్పించి చూస్తున్నాడు. ఎడమకంటికి శుక్లాల ఆపరేషన్ అయి పది రోజులైంది. కుడికంటికి ఇంకా కాలేదు.

"ఏంటే ఇది, ఇంత నీలంగా పోశావ్?" అన్నాడు చివరికి.

"నువ్వే కదా నాన్నా నీలం కలపమన్నావ్. మూడుసార్లు కలిపించావ్."

"అప్పుడు నాకు కన్నెక్కడుంది?"

ఆ తొట్టి మిగ్-21 యుద్ధవిమానపు కాక్‌పిట్. రష్యన్లు తమ ఫైటర్ల కాక్‌పిట్లకి దశాబ్దాలపాటు వేసిన రంగొకటి ఉంది. నీలానికీ ఆకుపచ్చకీ మధ్య ఎక్కడో ఉంటుంది. దాని సరైన ఛాయ ఏమిటన్నదాని మీద మోడళ్ళు కట్టే మేమంతా కొట్టుకు చస్తాం. ఫోటోల్ని నమ్మలేం, సీసాల మీద పేర్లని అసలే నమ్మలేం. అలాంటిది ఆ రంగు మధ్య నడుందాకా దూరి ఏళ్ళ తరబడి పనిచేసిన మనిషి మా ఇంట్లోనే ఉన్నాడని నా ధీమా. నాన్న ఎయిర్‌ఫోర్స్‌లో ఇన్‌స్ట్రుమెంట్ ఫిట్టర్. ఆయన చెప్పినట్టల్లా కలిపాను. వయసుతో కంట్లో లెన్సు పసుపుబారుతుందనీ, నీలాన్ని అది మింగేస్తుందనీ, ఆపరేషన్ అయ్యాక లోకం కాస్త నీలంగా కనిపిస్తుందనీ కంటి డాక్టరు ఆ తర్వాత చెప్పాడు. అంటే నెలరోజులుగా నేను రంగులో కలుపుతున్నది నాన్న కంట్లో తగ్గిన నీలాన్ని.

"మళ్ళీ మొదటిదే వెయ్యి. నువ్వు మొదట కలిపిందే కరెక్టు," అన్నాడు. నాన్న నోట్లోంచి ఆ మాట రావడానికి ముప్పై ఏడేళ్ళూ ఒక శస్త్రచికిత్సా పట్టింది.

*

కొంచెం వెనక్కి వెళ్ళాలి.

లాక్‌డౌన్‌లో కొందరు పులిసిన రొట్టెలు చేశారు, కొందరు నవలలు మొదలుపెట్టారు. నేను ప్లాస్టిక్ విమానాలు అతికించడం మొదలుపెట్టాను. మొదట 1/72 స్కేల్. అందులో ఆరడుగుల మనిషి అంగుళం ఎత్తుంటాడు. చిన్నప్పుడు ఎవరైనా మీకు కిట్ కొనిపెట్టి ఉంటే బహుశా అదే స్కేల్. ఆ సైజులో కాక్‌పిట్ అంటే ఒక కుర్చీ, ఒక పుల్ల, అంతే. తర్వాత 1/48. ఆ తర్వాత 1/32. ఇందులో ఆరడుగుల మనిషి రెండంగుళాల పావు. పాత బ్రిటిష్ లెక్కలో చెప్పాలంటే అడుగుకి అంగుళంలో మూడు ఎనిమిదో వంతులు.

స్కేల్ పెరిగితే పని పెరుగుతుందని అందరూ అనుకుంటారు. అది నిజమే గానీ, అసలు చిక్కు అది కాదు. చిన్న స్కేల్‌లో తెలియని సంగతులు దాటేసి పోవచ్చు. ఒక తీగ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలియకపోతే, ఆ తీగని ఎవరూ అడగరు. 1/32లో ఆ తీగ కనిపిస్తుంది. కనిపించాక, అది ఎక్కడికి పోతోందో తెలియాలి. డీటెయిలింగ్ అని మేం గొప్పగా చెప్పుకునేదంతా ఇలా తెలియనివాటి వెంటపడటమే.

మిగ్-21 మూతి ముందు పొడుచుకొచ్చే గొట్టంతో కలిపి పొడవు 15.76 మీటర్లు, రెక్కల వెడల్పు 7.15 మీటర్లు. 32తో భాగిస్తే 49 సెంటీమీటర్లు, 22 సెంటీమీటర్లు. మియాపూర్‌లోని మా రెండు బెడ్‌రూముల ఫ్లాటులో డైనింగ్ టేబుల్‌ మీద సగం మేర. అమ్మ మొదటిరోజే తేల్చి చెప్పింది. "పప్పుగిన్నె ఎక్కడ పెట్టాలో ముందు చూసుకుని, ఆ తర్వాత యుద్ధాలు చేసుకోండి."

కిట్ అంతకుముందే కొని అటక మీద పెట్టాను. మోడలర్లందరికీ ఉండే జబ్బే ఇది, కట్టేవాటికంటే కొనేవి ఎక్కువ. దాన్ని కిందికి దింపించింది మాత్రం టీవీ. 2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో మిగ్-21కి వీడ్కోలు చెప్పారు. 1963లో మన ఎయిర్‌ఫోర్స్‌లోకి వచ్చిన విమానం, అరవై రెండేళ్ళు ఎగిరి, ఆ రోజుతో దిగిపోయింది. దిగొచ్చిన విమానాల మీద రెండువైపుల నుంచీ నీళ్ళు చిమ్మి సాగనంపారు. తెనాలిలో నాన్న కూడా అది చూస్తున్నాడని అమ్మ ఫోన్లో చెప్పింది. ఏమన్నాడని అడిగాను. "ఏమనలేదు. లేచెళ్ళి మొక్కలకి నీళ్ళు పోస్తున్నారు. ఇప్పుడే వాన వెలిసింది, అయినా పోస్తున్నారు," అంది.

*

నాన్న గురించి మీకు చెప్పాల్సింది ఎక్కువ లేదు. చెప్పనివ్వడు కూడా. పద్దెనిమిదేళ్ళకి ఎయిర్‌ఫోర్స్‌లో చేరాడు. ఇరవయ్యేళ్ళు చేసి సార్జెంటుగా బయటికొచ్చి, మా ఊళ్ళో చాలామంది మాజీ సైనికుల్లాగే బ్యాంకులో చేరాడు. నాకు ఊహ తెలిసేసరికి క్యాష్ కౌంటర్ వెనకున్న మనిషి. ఇంట్లో ఎయిర్‌ఫోర్స్ తాలూకు గుర్తులు మూడు. నల్ల ట్రంకు పెట్టె, ఉదయం ఐదుకి లేవడం, ఇంట్లో ఏ స్క్రూడ్రైవరు తీసినా తీసినచోటే పెట్టాలన్న చట్టం.

ఇంకోటుంది. నాకు ఇంటర్‌లో స్కూటీ కొనిపెట్టాడు. ఎండకి పాడవకుండా దానికో కవరు. పొద్దున నేను కాలేజీకి బయలుదేరేటప్పుడు ఆ కవరు నాన్నే తీసేవాడు. తీసి, మడిచి, లోపల పెట్టొచ్చు కదా? పెట్టడు. ఎడమచేతి మీద వేసుకుని గేటు దగ్గర నిలబడతాడు. ఆదివారాలు ట్యూషన్‌కి పోయి రెండు గంటల తర్వాత వస్తే కూడా, అదే కవరు భుజం మీదో, వరండా కుర్చీ చేతి మీదో ఉండేది. నేను దిగగానే వచ్చి స్కూటీకి తొడిగేవాడు. నా స్నేహితురాళ్ళు నవ్వేవాళ్ళు. నాకు ఒళ్ళు మండేది. హాస్టల్‌కి పోయాక ఫోన్లు. బస్సెక్కావా, దిగావా, రూముకి చేరావా. చేరానని చెప్పకపోతే తను పడుకోడు, అమ్మని పడుకోనివ్వడు.

ఆపరేషన్ కోసం అక్టోబర్‌లో ఇద్దరూ హైదరాబాదు వచ్చారు. అప్పటికి డైనింగ్ టేబుల్ మీద కిట్ పెట్టె తెరిచి ఉంది. నాన్న దాన్ని ఒకసారి చూశాడు. "బొమ్మా?" అన్నాడు. అంతే. నాలుగు రోజులు దాని పక్కనే కూర్చుని ఇడ్లీలు తిన్నాడు గానీ మళ్ళీ ఆ మాటెత్తలేదు.

ఐదోరోజు రాత్రి నేను ఇన్‌స్ట్రుమెంట్ ప్యానెల్ చేస్తున్నాను. బూడిదరంగు ప్లాస్టిక్ పలక మీద గుండ్రటి గుంటలు, ఒక్కో గుంటలో ఒక మీటరు డెకాల్. డెకాల్ అంటే నీళ్ళలో నానబెడితే కాగితం నుంచి ఊడొచ్చే పల్చటి బొమ్మ. కొన్ని డయళ్ళు మూడు మిల్లీమీటర్లు కూడా ఉండవు. పట్టకారుతో పెట్టి, కుంచె కొనతో జరిపి, ఆరాక మీటరు మీదికి ఒక చుక్క మెరిసే వార్నిష్ వేస్తే అద్దం బిగించినట్టుంటుంది.

"గీత ఏదీ?" అంది వెనక నుంచి ఒక గొంతు.

"ఏ గీత?"

"మధ్యలో తెల్ల గీత. పైనుంచి కిందికి."

నేను ఫోటోలు చూశాను. ఉంది. ప్యానెల్ నడిమధ్యన నిలువుగా ఒక తెల్లటి పట్టీ. ఇన్నాళ్ళూ అది చూస్తూనే ఉన్నాను, అలంకారం అనుకున్నాను.

"విమానం స్పిన్‌లో పడిందనుకో," అన్నాడు నాన్న కుర్చీ లాక్కుంటూ. "బొంగరంలా తిరిగిపోతా ఉంటది. కిందేదో పైనేదో తెలీదు. పైలట్‌కి బుర్ర పనిచెయ్యదు. అప్పుడు ఆ గీత చూసుకుని కర్రని తిన్నగా ఆ గీత మీదికి తోసెయ్యాలి. ఆలోచించకుండా. అందుకు పెట్టారది."

గీత గీయడానికి నాకు మూడు రాత్రులు పట్టింది. సగం మిల్లీమీటరు వెడల్పున మాస్కింగ్ టేపు కోసి, రెండువైపులా అంటించి, మధ్యలో తెలుపు కొట్టాలి. రెండుసార్లు రంగు టేపు కిందికి పాకింది. నాన్న మూడు రాత్రులూ పక్కనే కూర్చున్నాడు. కంటికి ఏమీ ఆనదు. "తిన్నగా వచ్చిందా? తిన్నగా వచ్చిందా?" అని అడగడమే.

*

అక్కడి నుంచి పని ఇద్దరిదీ అయింది. నేనేదో పెద్ద ప్రాజెక్టులో నాన్నని కలుపుకున్నానని అనుకోకండి. నా టేబుల్‌కి ఒక వారంట్ ఆఫీసర్ వచ్చిపడ్డాడు.

కిట్ మిగ్-21 ఎంఎఫ్ రకానిది. నాన్న పనిచేసింది ఎం మీద. రష్యన్ పేర్లు మనవాళ్ళ నోట నలిగేవి కావు, టైప్ 77, టైప్ 96, టైప్ 75 అనేవాళ్ళు. ఎం అంటే టైప్ 96. పైకి రెండూ అన్నదమ్ముల్లానే ఉంటాయి. వీటి ఒళ్ళు నాసిక్‌లో, ఇంజను కోరాపుట్‌లో, రేడియోలూ ఎలక్ట్రానిక్సూ మన బాలానగర్‌లో హెచ్ఏఎల్ తయారుచేసేది. రోజూ ఆఫీసుకెళ్తూ ఆ గోడ పక్కనుంచే పోయే క్యాబులో కూర్చుని నేను నిద్రపోతుంటాను.

నాన్న చెబుతుంటే నాకు తెలిసొచ్చిన సంగతులు చాలా ఉన్నాయి. దీని తోకభాగం మొత్తం ఊడొస్తుంది. రెక్కల వెనక ఒకచోట బోల్టులు విప్పి, వెనక సగాన్ని ట్రాలీ మీద వెనక్కి లాగేస్తే ఇంజను బయటపడుతుంది. పొలం పనికి వెళ్ళేవాడు పంచె ఎగ్గట్టినంత తేలిగ్గా చెప్పాడు గానీ, అదొక పూట పనట. మూతిలో ఉన్న శంకువు వేగాన్ని బట్టి ముందుకీ వెనక్కీ జరుగుతుంది, దాని లోపల రాడార్. పైనున్న గాజు మూత కుడివైపుకి తెరుచుకుంటుంది, అందుకని నిచ్చెన ఎప్పుడూ ఎడమవైపే. దిగేటప్పుడు నేల తాకే వేగం గంటకి మూడొందల కిలోమీటర్ల పైమాటే, తోకలోంచి పారాచూట్ విచ్చుకుని దాన్ని వెనక్కి పట్టి లాగాలి.

లోపల చేసినదంతా ఒళ్ళు మూసేశాక కనిపించదు. రెండు సగాలుగా వచ్చే ఫ్యూజలాజ్‌ని అతికించే రోజు ఏ మోడలర్‌కైనా కొంచెం దిగులే. చక్రాల గూళ్ళలో గొట్టాలు, సీటు వెనక పెట్టెలు, వాటికి రాగితీగతో నేను వేసిన వైర్లు. మూశాక టార్చి వేసి చూస్తే ఓ పదోవంతు కనిపిస్తాయేమో. "కనిపించని దానికి ఇంత ఎందుకు చేశానో," అన్నాను. నాన్న అప్పటికి రెండు కళ్ళూ బాగైన మనిషి. అతుకు దగ్గర వేలితో తడుముతూ, "ఇరవయ్యేళ్ళు నేను చేసింది ఒక్కటన్నా బయటికి కనిపించిందా?" అన్నాడు.

తొందరలో ఒకటి మర్చిపోయాను. ముక్కులో బరువు వేయలేదు. మూడు చక్రాల మీద నిలబడాల్సిన విమానం, తోకలో ఇంజను బరువుకి కుక్కపిల్లలా వెనక్కి కూలబడింది. మర్నాడు నాన్న ఎక్కడికో వెళ్ళి, చేపల గాలానికి కట్టే సీసం గుళ్ళు తెచ్చాడు. మూతిలో శంకువు ఇంకా అతికించలేదు కాబట్టి బతికిపోయాం. శంకువు నిండా సీసం, దాని మీద జిగురు. విమానం ముక్కు దించింది.

*

పెద్ద గొడవ రంగు దగ్గర వచ్చింది.

మాది పైన ఆకుపచ్చా మట్టిరంగూ పట్టీలు, కింద లేత బూడిద, అన్నాడు నాన్న. సరే, ఎయిర్ బ్రష్‌తో అవి కొట్టాను. బాగానే వచ్చింది. ఆ తర్వాత మోడలర్లు చేసే పనొకటుంది, వెదరింగ్. ఎండకి వెలిసినట్టు, మసి పట్టినట్టు, రేకుల అతుకుల్లో మురికి చేరినట్టు పల్చటి నూనెరంగులతో కడుగుతాం. పోటీల్లో బహుమతులు దీనికే. కొత్తబొమ్మలా మెరిసేదాన్ని వాడిన వస్తువులా చేయడం మా విద్య. ఒక శనివారమంతా కూర్చుని ప్రతి అతుకులోనూ నల్లరంగు నింపి, రెక్కల మీద మరకలు వేసి, గర్వంగా చూపించాను.

నాన్న మొహం మాడిపోయింది.

"ఇదెవరి విమానం?"

"మీదే. వాడిన విమానంలా ఉండాలి కదా."

"మా విమానం మీద ఇంత మురికుంటే లైన్‌లో ఒక్కడూ ఆ రాత్రి ఇంటికెళ్ళేవాడు కాదు. పొద్దున్నే గుడ్డలు పట్టుకుని బొడ్డు కింద పడుకుని తుడిచేవాళ్ళం. జనవరి చలిలో రేకు ముట్టుకుంటే వేళ్ళు అంటుకుపోయేవి. నువ్వేమో బురద పూశావ్."

నిజంగా కోపం. అన్నం దగ్గర కూడా మాట్లాడలేదు. నాకూ కోపమే. ఇంటర్నెట్‌లో ఫోటోలున్నాయి, వెలిసిపోయిన మిగ్‌లు, అట్టలు కట్టిన మిగ్‌లు. అవి తీసి చూపించబోయి ఆగాను. ఆ ఫోటోలు తీసినవాళ్ళు విమానం వైపు చూస్తున్నవాళ్ళు. నాన్న దాని బొడ్డు కింద పడుకున్నవాడు.

ఆదివారం దాన్ని తుడిచాను. తుడుస్తుంటే వచ్చి కూర్చుని, మురికి ఎక్కడుంటుందో తనే చెప్పాడు. ఎడమ రెక్క మొదట్లో బూట్ల అరుగుడు, అందరూ ఎక్కేది అక్కడే. కాక్‌పిట్ ఎడమ అంచున నిచ్చెన కొక్కెం గీసిన గీతలు. పొట్ట కింద ఒకచోట హైడ్రాలిక్ నూనె చార, ఎంత తుడిచినా మళ్ళీ వచ్చేది. కుడివైపు ఒక మూత మాత్రం కొత్తగా రంగేసినట్టు చుట్టూ రేకుకంటే ముదురుగా. అంతే. మిగతాదంతా శుభ్రం. ఇప్పుడు దాన్ని చూస్తే పాతబడ్డట్టు అనిపించదు. ఎవరో రోజూ పట్టించుకుంటున్నట్టు అనిపిస్తుంది. పోటీకి పంపితే బహుశా ఏమీ రాదు.

*

నా మొదటి ఆలోచన దాన్ని ఎగురుతున్నట్టు నిలబెట్టడం. చక్రాలు లోపలికి మడిచి, పారదర్శకమైన కడ్డీ మీద, ముక్కు కొంచెం పైకెత్తి. పెట్టె మీద బొమ్మ కూడా అలాంటిదే, మబ్బులు, మంటలు. నాన్న ఆ మాట విని ఏమీ అనలేదు. తర్వాత వారంలో మూడుసార్లు, చక్రాలు అతికించావా అని అడిగాడు. నాలుగోసారి అగ్గిపెట్టె తెరిచి చూపించాడు. కొబ్బరిపీచు చీపురుపుల్ల కాదు, ఐస్‌క్రీం పుల్ల అరగదీసి చేసిన చిన్న చిన్న త్రికోణపు ముక్కలు, నాలుగు. వాటికి దారం.

"చోక్స్," అన్నాడు. చక్రాల కింద పెట్టే దిమ్మలు.

చక్రాలు దించాను.

చివరికి మిగిలింది మూతి మీద గొట్టం. పిటో అంటారు. మిగ్-21 ఫోటో చూసినవాళ్ళెవరైనా గుర్తుపడతారు, ముందుకి ఈటెలా పొడుచుకొచ్చి ఉంటుంది. ఎం, ఎంఎఫ్ రకాల్లో నడినెత్తిన కాక కాస్త కుడికి జరిగి ఉంటుంది. ఎదురుగాలి దాని కొసన ఉన్న రంధ్రంలోకి దూరుతుంది, ఆ ఒత్తిడిని బట్టి లోపల మీటరు వేగం చూపిస్తుంది. గాలి దూరకపోతే, అంటే మట్టో, మంచో, మట్టిగూడు కట్టే కుమ్మరి పురుగో దాన్ని మూసేస్తే, మీటరు అబద్ధం చెబుతుంది. పైలట్ ఆ అబద్ధాన్ని నమ్మి నడుపుతాడు. అందుకని నేల మీద ఉన్నంతసేపూ దానికి ఎర్రటి తొడుగు, కిందికి వేలాడే ఎర్రటి పట్టీ. ఎగరబోయే ముందు తీసెయ్యాలి. అది ఇన్‌స్ట్రుమెంట్ ఫిట్టర్ పని.

"హ్యాంగర్‌లో టెస్టింగు చేస్తాం," అన్నాడు నాన్న. "దానికో గొట్టం తగిలించి చేత్తో గాలి కొడితే, లోపల ముల్లు లేస్తది. మూడొందలు, నాలుగొందలు, ఆరొందలు. విమానం అక్కడే ఉంటది. అది మాత్రం ఎగురుతున్నాననుకుంటది."

కిట్‌లో ఇచ్చిన ప్లాస్టిక్ పిటో నా చేతిలోనే రెండుసార్లు విరిగింది. ఇత్తడిది విదేశం నుంచి తెప్పించుకోవచ్చు, నెల పడుతుంది. నాన్న తన మందుల డబ్బా తెచ్చాడు. ఆస్పత్రి ఇంజెక్షన్ సూది ఒకటి, దాని కొసలో దూరేలా ఇన్సులిన్ సూది ఇంకోటి. రెండూ మొన తీసి, ఒకదాంట్లో ఒకటి దూర్చి, జిగురు పెట్టాం. పక్కన చిన్న రేకులు డబ్బా మూత కోసి చేశాం. కొసన నిజంగానే రంధ్రం ఉంది. ఊదితే గాలి పోతుంది.

అది ఆరేదాకా కదలకూడదని ఇద్దరం కూర్చున్నాం. రాత్రి పదకొండు దాటింది. అమ్మ పడుకుంది. నాన్న దాన్నే చూస్తూ మొదలుపెట్టాడు. నేనేమీ అడగలేదు.

తొంభైల మొదట్లో, ఉత్తరాదిలో ఒక బేస్. పొద్దున మొదటి సార్టీ. ఆ విమానానికి ఇన్‌స్ట్రుమెంట్లు చూసింది నాన్న. ఫారం 700లో సంతకం పెట్టాడు. పైలట్ కుర్రాడు, ఇరవై నాలుగో ఐదో. నాన్న పిటో కవరు తీసి, పైకెత్తి చూపించాడు. చూపించాలి, అది రూలు. పైలట్ బొటనవేలెత్తాడు. టాక్సీ చేసుకుంటూ పోయాడు.

"కవరు నా చేతిలోనే ఉంది," అన్నాడు నాన్న. "వచ్చాక తొడగాలి కదా. మిగతావి వచ్చినయ్. అది రాలా."

ఆగాడు.

"కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ అయింది. రెండు రోజులు స్టేట్‌మెంటు రాశా. కారణం వేరే. నాది కాదని తేలింది. కాగితాల మీద అంతా కరెక్టే."

"మరి కవరు?"

"స్టోర్స్‌లో జమ చెయ్యాలి. ఇచ్చేసి సంతకం పెట్టించుకున్నా."

ఇక చెప్పలేదు. నేనూ అడగలేదు. 2006లో 'రంగ్ దే బసంతీ' వచ్చినప్పుడు, ఆ తర్వాత ఏదో ఛానెల్లో వేస్తే, అందులో మిగ్ కూలిన కబురు వచ్చేచోట నాన్న లేచి బయటికెళ్ళడం గుర్తుంది. పేపర్లో 'ఎగిరే శవపేటిక' అన్న హెడ్డింగు వచ్చిన రోజుల్లో ఆ పేజీ ఇంట్లో దొరికేది కాదు. అమ్మకి తెలుసట. "ఆ రోజు రాత్రి డ్యూటీ అయ్యి వచ్చాక కూడా చెయ్యి ముడిచే ఉంది. ఏముందండీ చేతిలో అంటే, ఏమీ లేదన్నారు," అని మర్నాడు వంటింట్లో చెప్పింది. నాకు తెనాలిలో మా గేటు గుర్తొచ్చింది.

నేను ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ చేస్తాను. రిలీజ్‌కి ముందు అంతా బాగుందని సంతకం లాంటిదే నేనూ పెడతాను. తేడా వస్తే రాత్రికి రాత్రి వెనక్కి తీసుకుంటాం. మర్నాడు పొద్దున ఎందుకు జరిగిందని అరగంట మీటింగు. ఆ రాత్రి ముందు నాన్నా నేనూ ఒకేలాంటి పని చేస్తున్నామని సరదాగా రెండు మూడుసార్లు అన్నాను. ఆ తర్వాత మళ్ళీ అనలేదు.

*

డెకాల్ షీటులో తోక మీద వేసే అంకెలుంటాయి. ఏ నంబరైనా పేర్చుకోవచ్చు. ఆ నంబరు వేద్దామా అని ఒకరోజు ధైర్యం చేసి అడిగాను.

"వద్దు. వేస్తే అదొక్కదాన్దే అవుద్ది," అన్నాడు.

"మరి వేరేది?"

"ఏదీ వద్దు. ఖాళీగా ఉండనీ."

రెక్కల మీద మూడు రంగుల చక్రాలు, తోక మీద మూడు రంగుల పట్టీ ఉన్నాయి. నంబరు ఉండాల్సిన చోట ఉత్త రంగు. చూసిన మోడలర్ మిత్రుడు ఒకడు మర్చిపోయావన్నాడు. అవునన్నాను.

జనవరిలో వాళ్ళు తెనాలి వెళ్ళిపోయే ముందురోజు నాన్న అమ్మ పెట్టెలోంచి ఎర్ర జాకెట్టు గుడ్డ ముక్క అడిగి తీసుకున్నాడు. కొత్త కళ్ళతో సూదిలో దారం తనే ఎక్కించుకున్నాడు, అమ్మకి చూపించి మరీ. మధ్యాహ్నమంతా బాల్కనీలో కూర్చుని కుట్టాడు. చిటికెన వేలు గోరంత కూడా లేని సంచీ, దాని కింద రెండు సెంటీమీటర్ల పట్టీ. పట్టీ మీద తెల్లక్షరాలు ఉంటాయి కదా, ఎగిరే ముందు తీసెయ్యమని, నేను రాస్తాను సన్న కుంచెతో అన్నాను. అక్కర్లేదన్నాడు. వంగి, ఊపిరి బిగబట్టి, సూదితో చేసిన పిటోకి ఆ తొడుగు తొడిగాడు. పట్టీ తిన్నగా వేలాడేలా వేలితో సర్దాడు. ఒకడుగు వెనక్కి వేసి, విమానం చుట్టూ ఒకసారి తిరిగాడు. ఎడమ రెక్క, తోక, కుడి రెక్క, మూతి. డైనింగ్ టేబుల్ చుట్టూ అలా తిరగడానికి మూడు కుర్చీలు జరపాల్సి వచ్చింది.

"ఊఁ," అన్నాడు.

ఇప్పుడది హాల్లో గాజు తలుపుల్లేని అలమరలో ఉంటోంది. తలుపులున్నది కొనాలి, ఇంకా కొనలేదు. మియాపూర్ మెట్రో దుమ్ము మీకు తెలిసిందే. వారానికోసారి మెత్తటి కుంచెతో తుడుస్తాను. ఫోన్లో నాన్న వాన గురించి, బ్యాంకు పింఛను గురించి మాట్లాడి, చివర్లో "కవరుందా?" అంటాడు. ఉందంటాను. మొన్న విజయవాడ బస్సు దిగి, ఆయన అడగకముందే, చేరానని నేనే ఫోన్ చేశాను.

దుమ్ము తుడిచేటప్పుడు ఆ తొడుగు తీయక తప్పదు, లేకపోతే కుంచెకి తగులుకుంటుంది. తీసి పక్కన ఎక్కడైనా పెట్టొచ్చు, అలమరలో చోటుంది. తుడవడం అయ్యేదాకా ఎడమ చేతిలోనే పట్టుకుంటాను.